కేడర్: ఈ మాటను ఎక్కడ, ఎలా వాడాలి?

ఒకే రోజు పత్రికలో ఈ నాలుగు వాక్యాలూ కనిపించవచ్చు. ‘ఈ పోస్టులు జోనల్ కేడర్‌కు చెందినవి.’ ‘టికెట్ల కేటాయింపుపై కేడర్‌లో అసంతృప్తి.’ ‘ఆయన తెలంగాణ కేడర్ అధికారి.’ ‘నలుగురు మావోయిస్టు కేడర్ లొంగుబాటు.’ మొదటి వాక్యంలో కేడర్ అంటే కొన్ని పోస్టుల సముదాయం. రెండోదానిలో కార్యకర్తలు. మూడోదానిలో ఒక అధికారిని ఏ రాష్ట్రానికి కేటాయించారన్న సంగతి. నాలుగోదానిలో లెక్కపెట్టగలిగే మనుషులు.

ఈ తేడాలు తెలియకపోతే జరిగే నష్టం చిన్నది కాదు. జిల్లా కేడర్ అన్న మాటను, స్థానిక అభ్యర్థి అన్న మాటను ఒకటిగా కలిపేసుకున్న నిరుద్యోగి దరఖాస్తులో తప్పు వివరం నింపుతాడు. కేడర్ అంటే సొంత రాష్ట్రం అనుకున్న విలేకరి ఒక అధికారి గురించి ఉన్నది ఒకటైతే మరొకటి రాస్తాడు. రాజనీతి శాస్త్రం పరీక్షలో ఈ మాటకు వాడుకలో ఉన్న అర్థం రాసిన విద్యార్థి మార్కులు పోగొట్టుకుంటాడు. మాట ఒక్కటే అయినా దాన్ని వాడే చోట్లు చాలా ఉన్నాయి. ఒక్కో చోటుకూ ఒక్కో పద్ధతి ఉంది. వరుసగా చూద్దాం.

1. ముందు ‘చట్రం’ అన్న అర్థాన్ని గుర్తుపెట్టుకోండి

లాటిన్ భాషలో ‘క్వాడ్రమ్’ అంటే చతురస్రం. అది ఇటాలియన్‌లో ‘క్వాడ్రో’ అయి, ఫ్రెంచ్‌లో ‘కాద్ర్’గా మారింది. ఫ్రెంచివారు పటం కట్టే చట్రాన్ని ఇప్పటికీ అలాగే పిలుస్తారు. ఫ్రెంచ్ సైన్యం ఆ మాటను రెజిమెంటు చట్రానికి, అంటే దాన్ని నిలబెట్టే అధికారులకు, నాయక్, హవల్దార్ వంటి కిందిస్థాయి నాయకులకు వాడింది. ఇంగ్లీషు దాన్ని 19వ శతాబ్దంలో అందుకుంది. స్క్వాడ్, స్క్వాడ్రన్ అనే మాటలు కూడా ఇదే చతురస్రం కుటుంబానివి. అవీ సైన్యం నుంచి వచ్చినవే.

అధికారులనే చట్రం అనడానికి కారణం ఉంది. శాంతికాలంలో లక్షల మంది సైనికులను పోషించడం ఏ రాజ్యానికైనా భారం. అందుకని శిక్షణ పొందిన నాయకత్వాన్ని మాత్రం నిలుపుకొని, యుద్ధం వచ్చినప్పుడు కొత్తవారిని చేర్చుకొని వారి కింద నింపుతారు. పందిరికి ముందు రాటలు పాతి, పెళ్లి దగ్గరపడ్డాక తాటాకు కప్పినట్లు. ఆ రాటలే కేడర్.

దీనికి చరిత్రలో బాగా తెలిసిన ఉదాహరణ జర్మనీ. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత 1919లో కుదిరిన వెర్సాయ్ ఒప్పందం జర్మన్ సైన్యాన్ని లక్ష మందికి పరిమితం చేసింది. అందులో అధికారులు 4 వేలకు మించకూడదు. ఆ సైన్యానికి అధిపతి అయిన హాన్స్ ఫాన్ సీక్ట్ అందులోని ప్రతి ఒక్కరికీ తన హోదా కన్నా పైహోదా పని నేర్పించాడు. సైనికుడు సెక్షన్ అనే చిన్న దళాన్ని నడపగలగాలి, సార్జెంటు కొన్ని సెక్షన్లు కలిసిన ప్లాటూన్‌ను నడపగలగాలి అన్నది ఆయన ఆలోచన. 1935లో హిట్లర్ నిర్బంధ సైనిక సేవను తిరిగి తెచ్చినప్పుడు అంత వేగంగా భారీ సైన్యం తయారు కావడానికి ఈ లక్షమంది చట్రమే ఆధారమైంది.

ఈ ఉదాహరణను ఎందుకు ఇంతసేపు చెప్పానంటే, కేడర్‌లో ఉండాల్సిన మూడు లక్షణాలూ ఇందులో ఉన్నాయి. అది చిన్నది. శిక్షణ పొందినది. దాని చుట్టూ పెద్దదాన్ని నిర్మించవచ్చు. ఇక ముందు మీరు ఏ వాక్యంలో ఈ మాటను వాడినా, ఈ మూడింటిలో కనీసం ఒకటైనా అక్కడ ఉందో లేదో చూసుకోండి. ఒక్కటీ లేకపోతే అక్కడ కేడర్ అక్కరలేదు, వేరే మాట దొరుకుతుంది.

సైన్యంలో ఈ మాట మరో వాడుకలోనూ బతికే ఉంది. సైనికుడిని పైహోదాకు సిద్ధం చేసే శిక్షణను బ్రిటిష్ సైన్యంలోనూ మన సైన్యంలోనూ ‘కేడర్’ అనే అంటారు. సెలవుపై ఊరికి వచ్చిన జవాను ‘ప్రమోషన్ కేడర్ పూర్తిచేశాను’ అంటే ఏదో పదవి వచ్చిందని అనుకోకండి. శిక్షణ ముగిసిందని అర్థం.

2. వాక్యం రాసే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి

నేను చెబుతున్నది పోస్టుల గురించా, మనుషుల గురించా?

పోస్టులంటే మంజూరైన స్థానాలు. మనిషి ఉన్నా లేకున్నా అవి ఉంటాయి. ప్రభుత్వ పరిభాషలో కేడర్ ప్రధానంగా ఈ కోవకు చెందుతుంది. మనుషులంటే కార్యకర్తలు, సభ్యులు, శిక్షణ పొందిన బృందం. రాజకీయ వార్తల్లో, ఉద్యమాల చరిత్రలో, సాధారణ ఇంగ్లీషులో ఈ అర్థం వస్తుంది. ఈ రెంటినీ ఒకే వ్యాసంలో వాడాల్సి వస్తే రెండోదానికి తెలుగు మాట వాడండి. పాఠకుడు తడబడడు.

3. ప్రభుత్వ కాగితాల్లో: ఒక్క అక్షరం కూడా మార్చకండి

ఇక్కడ కేడర్ చట్టపరమైన పదం. సొగసు కోసం ‘శ్రేణి’ అనీ ‘వర్గం’ అనీ మార్చి రాస్తే అర్థమే మారిపోతుంది. ఉద్యోగుల సర్వీసు వ్యవహారాలకు పునాది అయిన ఫండమెంటల్ రూల్స్ 1922 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. వాటిలో తొమ్మిదో నియమం కేడర్‌ను ఇలా నిర్వచిస్తుంది: ప్రత్యేక యూనిట్‌గా మంజూరైన ఒక సర్వీసు బలం, లేదా ఒక సర్వీసులోని భాగం బలం. ‘బలం’ అన్న మాట చూడండి. అదీ సైన్యం నుంచి వచ్చిన లెక్కే. ఇంతమంది ఉండాలని మంజూరైన సంఖ్య అది. ప్రస్తుతం ఎంతమంది ఉన్నారన్నది వేరే సంగతి. అందువల్ల ‘కేడర్ స్ట్రెంత్’ అనే అంకెను చూసి ‘రాష్ట్రంలో ఇంతమంది ఐఏఎస్‌లు పనిచేస్తున్నారు’ అని రాయకండి. ‘మంజూరైన పోస్టులు ఇన్ని’ అని రాయండి. పనిచేస్తున్నవారి సంఖ్య కావాలంటే దాన్ని విడిగా అడిగి తెలుసుకోవాలి.

ఐఏఎస్‌కు 1954 నాటి కేడర్ నియమాలు, 1955 నాటి కేడర్ బలం నిర్ధారణ నిబంధనలు ఉన్నాయి. ఒక రాష్ట్రపు కేడర్ ఎలా కూర్చారో చూస్తే పాత సైనిక ఆలోచన కళ్లకు కడుతుంది. ముందు ఆ రాష్ట్రంలోని ముఖ్యమైన పోస్టులను లెక్కిస్తారు. కలెక్టర్లు, కార్యదర్శులు, శాఖల అధిపతులు అందులోకి వస్తారు. వీటిని సీనియర్ డ్యూటీ పోస్టులంటారు. వాటిపై 40 శాతం వరకు కేంద్ర డిప్యుటేషన్ (కొన్నేళ్ల పాటు కేంద్రంలో పనిచేయడానికి వెళ్లడం) కోసం, 25 శాతం వరకు రాష్ట్ర డిప్యుటేషన్ కోసం, 3.5 శాతం వరకు శిక్షణ కోసం, 16.5 శాతం వరకు సెలవులకూ జూనియర్ పోస్టులకూ కలిపి అదనంగా కేటాయిస్తారు. అంటే ఢిల్లీకి వెళ్లేవారు, చదువుకోవడానికి వెళ్లేవారు, సెలవుపై వెళ్లేవారు ఉంటారని ముందే ఊహించి, వారి చోట నిలబడేవారిని కూడా బలంలో కలుపుతారు. యుద్ధరంగంలో రిజర్వు దళాన్ని వెనక ఉంచుకున్న తీరు ఇదే. ఈ లెక్కను సాధారణంగా ఐదేళ్లకోసారి తిరగరాస్తారు. దాన్నే కేడర్ సమీక్ష అంటారు.

ఈ విభాగంలో తరచూ కలగాపులగమయ్యే మాటలు మూడు.

కేడర్ పోస్టు అంటే ఆ రాష్ట్ర కేడర్ జాబితాలో పేరుతో సహా నమోదైన పోస్టు. జిల్లా కలెక్టర్ పోస్టు అలాంటిదే.

ఎక్స్‌కేడర్ పోస్టు అంటే ఆ జాబితాలో లేని పోస్టు. అవసరాన్ని బట్టి సృష్టించినది. ఒక అధికారిని అక్కడికి పంపితే ఆయన కేడర్ నుంచి బయటికి పోయినట్లు కాదు. ఆయన కేడర్ అధికారే, కూర్చున్న పోస్టు మాత్రం జాబితాలో లేదు. ‘ఎక్స్’ అనగానే మాజీ అనుకుని ‘మాజీ కేడర్ అధికారి’ అని తెలుగు చేస్తే ఆ అధికారికి అన్యాయం చేసినట్లే.

నాన్‌కేడర్ అన్నది పోస్టు గురించి కూడా అనవచ్చు. కానీ మన పత్రికల్లో ఎక్కువగా మనిషి గురించే కనిపిస్తుంది. ‘నాన్‌కేడర్ ఎస్పీ’ అంటే ఐపీఎస్ కాకుండా రాష్ట్ర పోలీసు సర్వీసు నుంచి ఎదిగి ఆ హోదా అందుకున్న అధికారి.

ఇక ‘తెలంగాణ కేడర్’, ‘ఏపీ కేడర్’ అన్నప్పుడు అధికారి సొంత ఊరి ప్రసక్తే లేదు. బిహార్‌లో పుట్టిన అధికారి తెలంగాణ కేడర్‌లో ఉండవచ్చు. గుంటూరులో పుట్టిన అధికారి తమిళనాడు కేడర్‌లో ముప్పై ఏళ్లు పనిచేసి అక్కడే పదవీ విరమణ చేయవచ్చు. ఆయన తెలుగువాడు, తమిళనాడు కేడర్ అధికారి. రెండూ నిజమే, రెండూ వేర్వేరు నిజాలు. తమకు కేటాయించిన కేడర్ సొంత రాష్ట్రమే అయితే దాన్ని హోం కేడర్ అంటారు. ‘బదిలీ’ అన్న మాటతో కూడా జాగ్రత్త అవసరం. ఒకే రాష్ట్రంలో ఒక జిల్లా నుంచి మరో జిల్లాకు వెళ్లడం బదిలీ. కేంద్రానికి లేదా మరో రాష్ట్రానికి కొన్నేళ్ల పాటు వెళ్లడం డిప్యుటేషన్. అలా వెళ్లినవారి కేడర్ మారదు. కేడర్ నుంచి కేడర్‌కు శాశ్వతంగా మారడం చాలా అరుదు. మరో రాష్ట్ర కేడర్‌కు చెందిన అఖిల భారత సర్వీసు అధికారిని పెళ్లి చేసుకోవడం వంటి కొన్ని కారణాలకే దానికి అనుమతి ఇస్తారు.

ఈ కేటాయింపు ఎంత బరువైన వ్యవహారమో తెలుగువారికి 2014లో తెలిసింది. రాష్ట్ర పునర్విభజనతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కేడర్ రెండుగా విడిపోయింది. ఎవరు ఏ రాష్ట్రానికి అన్న ప్రశ్న ట్రైబ్యునల్‌కూ కోర్టులకూ చేరింది. 2023 జనవరిలో తెలంగాణ ప్రభుత్వ ప్రధాన కార్యదర్శిగా ఉన్న అధికారి విషయంలో హైకోర్టు తీర్పు వచ్చాక, ఆయన ఆ పదవి వదిలి ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాల్సి వచ్చింది. అప్పటికి రాష్ట్రం విడిపోయి ఎనిమిదేళ్లు దాటింది. కేడర్ అన్న మూడక్షరాల మాట ఒక రాష్ట్రంలోని అత్యున్నత ఉద్యోగిని సైతం కదిలించింది.

4. ఉద్యోగ నోటిఫికేషన్‌ను చదివేటప్పుడు

ఈ భాగం నిరుద్యోగుల కోసం. నెమ్మదిగా చదవండి.

జిల్లా, జోనల్ కేడర్లకు మూలం రాజ్యాంగంలోని 371-డి అధికరణం. 1973 నాటి 32వ సవరణతో అది వచ్చింది. దాని కింద 1975లో రాష్ట్రపతి ఉత్తర్వులు వెలువడ్డాయి. ఉమ్మడి రాష్ట్రాన్ని ఆరు జోన్లుగా, అంటే కొన్ని జిల్లాలు కలిసిన ప్రాంతాలుగా చేసి, ఒక్కో ప్రాంతంలోని పోస్టులను ‘లోకల్ కేడర్’గా ఏర్పాటు చేశారు. శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు మొదటి జోన్ నుంచి హైదరాబాద్ చుట్టుపక్కల జిల్లాల ఆరో జోన్ దాకా ఆ లెక్క నడిచింది. తెలంగాణకు 2018లో కొత్త ఉత్తర్వులు వచ్చాయి. వాటి ప్రకారం కాళేశ్వరం, బాసర, రాజన్న, భద్రాద్రి, యాదాద్రి, చార్మినార్, జోగులాంబ అనే ఏడు జోన్లు, వాటిపైన కొన్నేసి జోన్లు కలిసిన రెండు మల్టీజోన్లు ఏర్పడ్డాయి. జిల్లా, జోనల్, మల్టీజోనల్ కేడర్ పోస్టుల ప్రత్యక్ష నియామకాల్లో 95 శాతం స్థానికులకు కేటాయించారు. మిగిలిన 5 శాతానికి అందరూ పోటీ పడవచ్చు.

ఇప్పుడు నోటిఫికేషన్ చేతిలోకి తీసుకోండి. ఒక వరుసలో ‘జూనియర్ అసిస్టెంట్, జిల్లా కేడర్’ అని ఉందనుకుందాం. దాన్ని ఇలా విప్పండి.

‘జిల్లా కేడర్’ అన్నది పోస్టుకు తగిలించిన మాట. ఆ జిల్లాలోని అలాంటి పోస్టులన్నీ కలిసి ఒక యూనిట్ అని అర్థం. నియామకం, సీనియారిటీ, పదోన్నతి, బదిలీ అన్నీ ఆ యూనిట్ లోపలే లెక్కిస్తారు. మీ సీనియారిటీ పక్క జిల్లాలోని జూనియర్ అసిస్టెంట్‌తో పోల్చరు. మీ ఊరికి దగ్గరలోనే పోస్టింగు ఇస్తామన్న హామీ కూడా ఇందులో లేదు. జిల్లా సరిహద్దు లోపల ఎక్కడైనా వేయవచ్చు.

‘స్థానిక అభ్యర్థి’ అన్నది మనిషికి తగిలించిన మాట. అది ప్రధానంగా మీరు ఎక్కడ చదువుకున్నారన్న దానిపై ఆధారపడుతుంది. ఏయే తరగతులను లెక్కలోకి తీసుకుంటారో నోటిఫికేషన్‌లోనే ఉంటుంది. ఉమ్మడి రాష్ట్రంలో ఉన్న పద్ధతి వేరు, తెలంగాణలో 2018 తర్వాత పద్ధతి వేరు. అందువల్ల అన్నయ్య చెప్పిందో, పాత పుస్తకంలో ఉందో నమ్మి నింపకండి. ఇప్పుడు నివసిస్తున్న ఊరు, ఆధార్‌లో ఉన్న చిరునామా చూసి ‘నేను ఈ జిల్లా కేడర్‌కు చెందినవాడిని’ అని రాయడం రెండు విధాలా తప్పు. ఉద్యోగం రాకముందు ఎవరూ ఏ కేడర్‌కూ చెందరు. దరఖాస్తు నాటికి మీరు స్థానికులో, స్థానికేతరులో మాత్రమే.

పోస్టు పైస్థాయికి వెళ్లేకొద్దీ యూనిట్ పెద్దదవుతుంది. 2022 నాటి తెలంగాణ గ్రూప్-1 నోటిఫికేషన్‌లో డిప్యూటీ కలెక్టర్ పోస్టులను మల్టీజోన్ల వారీగా చూపారు. అంటే సగం రాష్ట్రం ఒక యూనిట్. కుటుంబం ఎక్కడ ఉండాలి, పిల్లల చదువు ఎక్కడ అన్న ఆలోచన ఉన్నవారు జీతంతో పాటు ఈ వరుసను కూడా చూసి ప్రాధాన్యాలు పెట్టుకోవాలి. చేరాక సొంత కోరికపై మరో లోకల్ కేడర్‌కు మారితే సాధారణంగా అక్కడి సీనియారిటీ జాబితాలో అడుగున చేరాల్సి వస్తుంది. 2021 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం 317 నంబరు ఉత్తర్వుతో ఉద్యోగులను కొత్త కేడర్లకు కేటాయించినప్పుడు, భార్య ఒక జిల్లాలో భర్త మరో జిల్లాలో పడిన ఉపాధ్యాయ దంపతుల ఆందోళనలు చాలామందికి గుర్తుండే ఉంటాయి. దరఖాస్తులో ఒక్క గడిగా కనిపించే మాట ఇంటి వంటగది దాకా వస్తుంది. దయచేసి దాన్ని తేలిగ్గా తీసుకోకండి.

బ్యాంకు ఉద్యోగాల ప్రకటనల్లో ఈ మాట ఇంకో రకంగా వస్తుంది. స్టేట్ బ్యాంకు జూనియర్ అసోసియేట్ పోస్టులను ‘క్లరికల్ కేడర్’ అంటుంది. ప్రత్యేక నైపుణ్యాల అధికారులను ‘స్పెషలిస్ట్ కేడర్’ అంటుంది. ఇక్కడ కేడర్ అన్న మాటకు ప్రాంతంతో పని లేదు. పని స్వభావాన్ని బట్టి చేసిన విభజన ఇది.

5. రాజకీయ వార్త రాసేటప్పుడు

కేడర్ మనుషుల అర్థంలో ప్రపంచమంతా పాకడానికి కమ్యూనిస్టు ఉద్యమం ముఖ్య కారణం. రష్యన్‌లో ‘కాద్రీ’ అంటారు. 1935 మే 4న స్టాలిన్ ఎర్రసైన్యపు అకాడమీల నుంచి పట్టా పొందినవారి ముందు మాట్లాడుతూ ‘కేడర్లే అన్నిటినీ నిర్ణయిస్తాయి’ అన్నాడు. ఆ నినాదం పుట్టింది సైనిక సభలోనే. చైనా దీన్ని ‘గన్‌బు’ అన్నది. అక్కడ ఒక్కొక్క పార్టీ అధికారినీ విడిగా ‘ఒక కేడర్’ అనడం మామూలు. మన దగ్గర వామపక్ష సాహిత్యం ద్వారా ఈ మాట తెలుగులోకి వచ్చి, క్రమంగా అన్ని పార్టీలకూ అలవాటైంది.

అలవాటు ఎక్కువైతే ఎలా ఉంటుందో చూడండి. ఇది నేను కూర్చిన ఉదాహరణ:

‘నియోజకవర్గ సమావేశానికి కేడర్ భారీగా తరలివచ్చింది. ఎస్పీ కేడర్ అధికారి బందోబస్తును పర్యవేక్షించారు. అనంతరం నేతలు కేడర్‌కు దిశానిర్దేశం చేశారు.’

మొదటి వాక్యంలోని జనంలో కార్యకర్తలు ఉంటారు, అభిమానులు ఉంటారు, ఊరికే చూడటానికి వచ్చినవారూ ఉంటారు. ఆ పెద్ద సమూహం చట్రం కాదు. రెండో వాక్యంలో చెప్పదలచుకున్నది హోదా. మూడో వాక్యంలో మాత్రమే అసలు కేడర్ ఉండే అవకాశం ఉంది. అది కూడా నేతలు పోలింగు కేంద్రాల బాధ్యులతో, మండల కమిటీలతో మాట్లాడి ఉంటేనే. తిరగరాస్తే:

‘నియోజకవర్గ సమావేశానికి కార్యకర్తలు, అభిమానులు భారీగా తరలివచ్చారు. ఎస్పీ స్థాయి అధికారి బందోబస్తును పర్యవేక్షించారు. అనంతరం పోలింగు కేంద్రాల వారీగా పనిచేసే కేడర్‌తో నేతలు విడిగా సమావేశమయ్యారు.’

ఇప్పుడు కేడర్ ఒక్కసారే వచ్చింది, వచ్చిన చోట పని చేస్తోంది. చదివేవారికి ఒక కొత్త సమాచారం కూడా అందింది. మిగతా చోట్ల ‘కార్యకర్తలు’, ‘పార్టీ శ్రేణులు’, ‘స్థాయి’, ‘హోదా’ అన్న మాటలు ఎంత హాయిగా సరిపోయాయో గమనించండి. ‘శ్రేణులు’ అన్నది కేడర్‌కు నాకు బాగా నచ్చిన తెలుగు. వరుసగా నిలబడిన సైన్యం అందులో కనిపిస్తుంది.

మావోయిస్టు వార్తల్లో ‘నలుగురు కేడర్ లొంగిపోయారు’ అని పోలీసుల ప్రకటన ఉంటే దాన్ని అలాగే దించేయకండి. వారు దళ సభ్యులా, ఏరియా కమిటీ సభ్యులా, సానుభూతిపరులా అన్నది అడగండి. ఈ మూడింటికీ చట్టం ముందు, పునరావాస సాయం లెక్కల్లో, ఊళ్లో బతికే తీరులో ఎంతో తేడా ఉంటుంది. ఆ తేడాను ఒక్క మాట కింద కప్పేయడం ఆ మనుషులకు న్యాయం కాదు.

6. రాజనీతి శాస్త్రం విద్యార్థులు ఇక్కడ ఆగండి

మన పత్రికల్లో ‘కేడర్ పార్టీ’ అంటే క్రమశిక్షణ, శిక్షణ, కింది దాకా నిర్మాణం ఉన్న పార్టీ. వామపక్షాల గురించి అలా అంటారు. పాఠ్యపుస్తకంలో మాత్రం ఫ్రెంచ్ పండితుడు మారిస్ డ్యువెర్జే 1951లో చేసిన విభజన ఉంటుంది. ఆయన లెక్కలో కేడర్ పార్టీ అంటే పలుకుబడి ఉన్న పెద్దమనుషులు ఎన్నికల కోసం కూడిన వదులైన పార్టీ. దానికి ఎదురుగా చందాలు కట్టే విస్తృత సభ్యత్వం ఉన్న ప్రజాపార్టీ ఉంటుంది. అంటే రెండు వాడుకలూ దాదాపు ఎదురెదురు. ప్రశ్నలో డ్యువెర్జే పేరు ఉంటే ఆయన అర్థమే రాయండి. పేరు లేకపోతే మొదటి వాక్యంలోనే ఏ అర్థంలో వాడుతున్నారో చెప్పి ముందుకు వెళ్లండి.

7. ఇంగ్లీషులో రాయాల్సి వస్తే

మామూలు ఇంగ్లీషులో కేడర్ సమూహవాచకం. ‘ఎ కేడర్ ఆఫ్’ అన్న తర్వాత బహువచనం వస్తుంది: శిక్షణ పొందిన నర్సులు, అనువాదకులు, ఇంజినీర్లు, ఎవరైనా కావచ్చు. చిన్నదీ నైపుణ్యం ఉన్నదీ అయిన బృందానికే అది నప్పుతుంది. ఒక్క మనిషిని ‘ఎ కేడర్’ అనడం నిఘంటువుల్లో ఉంది కానీ అది ఎక్కువగా విప్లవ పార్టీల, చైనా, వియత్నాం అధికారుల సందర్భానికి పరిమితం. మిగతా చోట్ల ‘కేడర్ మెంబర్’ అనండి.

పలకడం దేశాన్ని బట్టి మారుతుంది. బ్రిటన్‌లో ‘కాడ’ అని, చివరి రేఫ (‘ర్’ ధ్వని) దాదాపు వినిపించకుండా అంటారు. అమెరికాలో ‘క్యాడ్రే’ అనీ ‘కాడ్రి’ అనీ వింటారు. మన ‘కేడర్’ అక్కడివారికి వెంటనే అందకపోవచ్చు.

8. తెలుగులో రాసేటప్పుడు వర్ణక్రమం, క్రియ

‘కేడర్’, ‘క్యాడర్’ రెండూ అచ్చులో కనిపిస్తాయి. నేను మొదటిదాన్నే సూచిస్తాను. ఏది ఎంచుకున్నా ఒక రచనలో చివరిదాకా అదే ఉండాలి. బహువచనం ‘కేడర్లు’ అన్నది పోస్టుల యూనిట్ల గురించి అయితే చక్కగా ఉంటుంది: ‘రెండు జిల్లా కేడర్లు’. మనుషుల అర్థంలో ‘కేడర్లు వచ్చారు’ ఎబ్బెట్టుగా వినిపిస్తుంది.

క్రియను కూడా అర్థమే నిర్ణయించాలి. పోస్టుల సముదాయమైతే ‘కేడర్ విడిపోయింది’. మనుషులైతే ‘జనం వచ్చారు’ అన్నట్లే ‘కేడర్ కదిలారు’ అనవచ్చు. వారిని ఒక్క బలంగా చూపదలిస్తే ‘కేడర్ కదిలింది’ కూడా సరైనదే. ఒకే పేరాలో రెండూ కలపకండి.

కేడెట్‌తో దీన్ని కలపవద్దు. ఎన్‌సీసీ విద్యార్థి కేడెట్. ఆ మాట తల అనే అర్థం ఉన్న లాటిన్ ‘కాపుట్’ నుంచి వేరే దారిలో వచ్చింది. ‘ఎన్‌సీసీ కేడర్ల కవాతు’ అని శీర్షిక పెడితే అది తప్పే.

9. విదేశాలకు బయోడేటా పంపేవారికి

మన బ్యాంకులో, ప్రభుత్వ సంస్థలో పనిచేసినవారు ‘ఆఫీసర్ కేడర్‌లో పదేళ్లు’ అని రాస్తుంటారు. అమెరికా, బ్రిటన్ సంస్థల్లో దాన్ని చదివేవారికి అది ఉద్యమ సంస్థలాగా, సైనిక శిక్షణలాగా తోచవచ్చు. అక్కడ ‘గ్రేడ్’ లేదా ‘లెవెల్’ అని రాసి, కింద ఎంతమంది పనిచేశారో చెప్పండి.

ఫ్రాన్స్‌లో ఉద్యోగం దొరికినవారికి మాత్రం ఈ మాట ఒప్పంద పత్రంలోనే ఎదురవుతుంది. అక్కడ ‘కాద్ర్’ అంటే మేనేజర్లు, ఇంజినీర్ల వంటి ఉన్నతోద్యోగులకు ఉన్న హోదా. 1947 నుంచి చాలా కాలం వారికి ప్రత్యేక అదనపు పింఛను వ్యవస్థ కూడా నడిచింది. పారిస్‌లోనో తులూజ్‌లోనో చేరబోతున్నవారు సంతకం చేసే ముందు తమ ఒప్పందంలో కాద్ర్ అని ఉందా లేదా చూసుకోవాలి. ప్రయోగ కాలం ఎంత, పని గంటలను ఎలా లెక్కిస్తారు, రాజీనామా చేస్తే ఎన్ని నెలల ముందు చెప్పాలి అన్నవి ఆ ఒక్క మాటతో మారిపోవచ్చు.